బొమ్మలో ఉన్న దుంగలు

వెరోనా కూతురికి కంచరగాడిద కథ చదివి వినిపిస్తోంది. పొయ్యి మీద క్యాబేజీ చారు ఉడుకుతోంది. ఆ బొమ్మల పుస్తకాన్ని పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్ళో ప్రతి కూలి ఇంటికీ బొగ్గు గని కంపెనీయే ఊరికే పంచింది. డ్యూక్ అనే కంచరగాడిద గనిలో ముందుకు కదలనని మొరాయించింది. దాన్ని తోలేవాడూ ఆగాడు. అంతలో ముందున్న కప్పు కూలింది. మనిషి బతికాడు, డ్యూక్ మెడలో దండ పడింది. అదీ కథ.

మసి కడుక్కునే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడ్డ ఆమె భర్త మిహాల్, పుస్తకంలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఏంటయ్యా ఆ నవ్వు?"

"బొమ్మ గీసినవాడు ధర్మాత్ముడే. సొరంగం పొడవునా కప్పుకి ఊత దుంగలు పెట్టాడు చూడు. మా సొరంగంలో ఎక్కడున్నాయి ఇన్ని? అడిగితే రేపు, ఎల్లుండి అంటారు. నెత్తిన రాళ్ళు రాలుతూనే ఉన్నాయి."

"గట్టిగా అడగరేం?"

"అడిగి పొమ్మనిపించుకోనా? పని పోతే ఇల్లూ పోతుంది, ఇదీ కంపెనీదేనే."

మర్నాడు బడిలో, ఆ కంచరగాడిద పేరిట కంపెనీ జరిపే డ్యూక్ పండగ. ఏటా ఒక తల్లి కథ చదవాలి. ఈసారి వంతు వెరోనాది. గని దొర ప్రిచర్డ్ ముందు వరసలో కూర్చున్నాడు. కప్పు కూలే బొమ్మ దగ్గర ఆమె ఆగిపోయింది.

"చదువమ్మా, పిల్లలు ఎదురుచూస్తున్నారు" అన్నాడు దొర.

"దొరా, ఈ బొమ్మలో దుంగలున్నాయి. మా ఆయన దిగే చోట లేవు. ఎందుకు లేవు?"

"పిల్లల కథ దగ్గర గని గొడవెందుకమ్మా?"

"ఈ పిల్లల నాన్నలు ఇప్పుడు ఆ కప్పు కిందే ఉన్నారు దొరా."

వెనక నుంచి ఇంకొకామె అందుకుంది. "మా ఆయన అడిగితే, డ్యూక్ ఎప్పుడైనా దుంగలడిగిందా, దాన్ని చూసి నేర్చుకోమన్నారంట."

ఎవరూ నవ్వలేదు. దొర టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం సంగతి విని మిహాల్ తల పట్టుకున్నాడు. "ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామే?"

"నువ్వుంటే ఎక్కడికైనా పోతాం. నువ్వే లేకపోతే ఈ ఇల్లు నాకెందుకు?" వెరోనా చారు పోసింది. "రేపు అందరూ కలిసి అడగండి. ఒక్కణ్ణయితే పొమ్మంటారు. అందర్నీ పొమ్మంటే బొగ్గు ఎవరు తవ్వుతారు, దొర తవ్వుతాడా?"

మిహాల్ చారు ముట్టకుండానే లేచి, పక్కింటి తలుపు తట్టడానికి వెళ్ళాడు.

చదివేవాళ్ళారా, గాడిద మెడలో దండ వేయడం చవక. కప్పు కింద దుంగ నిలబెట్టడం ఖర్చు. అందుకే మనకు కథలు పంచుతారు. ఏ వీరుడో వచ్చి కాపాడతాడని కూర్చోకండి. దుంగలడగండి, అందరూ కలిసి అడగండి.