గంగక్క నల్ల పైపు

నల్లదే, నీలం కాదు, గంగక్క చేను నుంచి గట్టు దాటి మా చేను దాకా వచ్చిన ఆ పైపు నల్లదే, ఎండకు కాగి, పొరపాటున తొక్కితే అరికాలు చుర్రుమనేది, ఇప్పుడెందుకు అది గుర్తుకు రావడం, కళ్ళ ముందు ఎర్ర దీపం వెలుగుతుంటే, కల్లూరులోని మా డేటా సెంటర్‌కు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, సర్వర్ల హాలు మొత్తం బ్యాటరీల మీద నిలబడి ఉంటే, ఆ బ్యాటరీలు పది నిమిషాలకు మించి మోయలేవని తెలిసి ఉంటే, కానీ మనసు చెప్పినట్టు ఎప్పుడు వింది, మొదటి జనరేటర్ దగ్గర నుంచి మెకానిక్ సుంకన్న వాకీటాకీలో అంటున్నాడు, మేడం, స్టార్టు కాలా, పొగ పోసి ఆగిపాయ, డీజిల్‌లో నీళ్ళు చేరినట్టుండాది, సరే సుంకన్నా, దాన్ని మళ్ళీ తిప్పకు, వదిలేసి రెండోదాని దగ్గరికి పో, రెండోది తనంతట తానే లేవాలి, లేస్తుంది, లేవాలి.

ఫోను, ఆస్పత్రి నుంచి అరుణ్ కుమార్, అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే, శివకుమారి మేడం, మీకాడ కరెంటు పోయిందంట కదా, ఈడ లోపల తలకు ఆపరేషన్ జరుగుతాండాది, పేషెంటు స్కాను మీ సర్వర్లోంచే తెర మీదికి వస్తాండాది, డాక్టరుగారు దాన్ని చూసుకుంటానే కోస్తాండారు, ఆరిపోదు కదా, ఆరదు అరుణ్, అన్నాను, గొంతు తొణకలేదు, ఎందుకు తొణకలేదో నాకే తెలియదు, ఎవరి తలో అది, ఆ మనిషి నన్ను ఎన్నడూ చూసి ఉండడు, మత్తులో పడుకుని ఉన్నాడు, తన ప్రాణం నా చేతిలో ఉందని అతనికి తెలియదు, నా చేతిలో కూడా కాదు, ఆ గోడ పక్కనున్న రెండో డీజిల్ ట్యాంకు చేతిలో, ఆ ట్యాంకు కోసం ఎంత వాదించానో.

సుదర్శన్ గారు, మా యజమాని, పత్తికొండ టమోటా మండీ వాళ్ళు, డేటా సెంటర్ ఎంత నమ్మకమైనదో చెప్పడానికి నాలుగు మెట్లుంటాయి, ఆయనకు గేటు మీద మూడో మెట్టు అని బోర్డు కావాలి, ఖర్చు మాత్రం రెండో మెట్టుదే కావాలి, ఆ మెట్లేందో తెలిసేటట్టు చెప్పమ్మా అన్నాడు ఒకనాడు టీ తాగుతూ, చెప్పాను, మొదటి మెట్టులో అన్నీ ఒక్కొక్కటే సార్, ఏది చెడినా అంతా ఆగుతుంది, రెండోదాంట్లో యంత్రానికి తోడు యంత్రం ఉంటుంది, దారి మాత్రం ఒకటే, మూడోదాంట్లో దారులూ రెండు, ఒకదాన్ని విప్పి బాగుచేస్తున్నా రెండోదాని మీద పని నడుస్తుంది, నాలుగోదాంట్లో ఉన్నట్టుండి ఏది పోయినా బయటివాళ్ళకు తెలియను కూడా తెలియదు, మరి జనరేటర్లు రెండు కొన్నా కదమ్మా, ట్యాంకు ఒకటుంటే సాలదా, సార్, మీ మండీకి రెండు లారీలు కొని డ్రైవర్ను ఒక్కణ్ణే పెట్టుకుంటారా, ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు, వాడు తాగి పండుకుంటే రెండు లారీల సరుకు కుళ్ళిపోతాదే, అని నవ్వాడు, కట్టించుకో పో తల్లీ నీ రెండో ట్యాంకు, మీ నాయనది గుడా లారీల యాపారమా, లేదు సార్, మా నాయనది బోర్లు ఎండబెట్టే వ్యాపారం.

నవ్వులాటకే అన్నాను గానీ నిజం అదే, కోడుమూరు పక్కన మా చేను, ఒక బోరు పడింది, ఎండలు ముదిరితే తోడుగా ఉంటుందని నాయన రెండోది వేయాలనుకున్నాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు చూసే పెద్ద ఈరన్నను పిలిచాడు, ఆయన చేనంతా తిరిగి మొదటి బోరు పక్కనే ఆగాడు, సూడు శేషన్నా, టెంకాయ లేసి నిలబడింది, ఈడ నీళ్ళుండాయి, ఉండకుండా ఎక్కడికి పోతాయి, పక్కన పారుతున్నవి అవే కదా, నాయనకు మాత్రం సంతోషం, మోటరు తీగ కూడా కలిసొస్తుందని, మంచి ఎండాకాలంలో మొదటి బోరు గాలి కక్కింది, దాని వెనకే రెండోదీ, రెండూ నేల కింది ఒకే జలలోకి దిగి ఉన్నాయి, తర్వాత తర్వాత నాయనే నవ్వుతూ చెప్పేవాడు, ఒక కడవలో రెండు చెంబులు ముంచి నాకు రెండు కడవలుండాయి అనుకుంటి పాపా, అని, ఆ నవ్వే నాకు రెండో ట్యాంకు కట్టించింది నాయనా, నువ్వు లేవు చెప్పుకోవడానికి.

మళ్ళీ ఫోను, అరుణ్ కాదు, గంగక్క, ఇప్పుడు కాదు గంగక్కా, కట్ చేశాను, రెండోది ఇంకా లేవలేదు, సుంకన్న పలకడం లేదు, ఏసీలు ఆగి హాలు అప్పుడే వేడెక్కుతోంది, మెడ వెనక చెమట, ఆ ఏడాది ఉల్లి చేను కూడా ఇలాగే వాడిపోతుంటే గట్టు మీద నిలబడి చూస్తున్నాను, గంగక్కకూ నాయనకూ గట్టు తగాదా, ఎన్నో ఏళ్ళుగా మాటల్లేవు, ఆమె బోరు వాగు అవతల, వేరే జల, తానే ఆ నల్ల పైపు ఈడ్చుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది, మీ నాయనతో నాకు మాటల్లేవు పాపా, ఉల్లిగడ్డలతో నాకేం తగాదా, వాల్వు తిప్పుకో, ఆ ఉల్లి పండబట్టే నేను పాలిటెక్నిక్‌లో చేరాను, వానలు పడి మా బోర్లు మళ్ళీ పలికినా ఆమె పైపు తీయలేదు, అప్పుడప్పుడు మాకు అక్కరలేకపోయినా నీళ్ళు వదిలేది, ఎందుకు దండగ అని నాయన గొణిగితే, ఎలుకలు కొరికినాయేమో సూడాల కదప్పా, అంది, తగాదా తర్వాత ఆమె నాయనతో ఆడిన మొదటి మాట అదే, నేనూ అంతే చేస్తున్నాను, వారం వారం రెండో జనరేటర్‌ను ఊరికే నడిపి ఆపుతాను, సుదర్శన్ గారు డీజిల్ దండగ అంటారు, అన్నా నడుపుతాను, మొన్న కూడా నడిపాను, లేవాలి.

కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది, ఆ తర్వాతే చప్పుడు, లేసింది మేడం, సుంకన్న రొప్పుతున్నాడు, మంచి డీజిల్, మంచి గొంతు, ఎర్ర దీపం ఆకుపచ్చగా మారింది, పైనుంచి చల్లగాలి మొదలై మెడ మీద పడింది, అరుణ్‌కు ఫోన్ చేస్తే, తెర రవ్వంత గూడా అదర్లేదు మేడం, నిజంగానే కరెంటు పోయినాదా, అంటున్నాడు, పోయింది అరుణ్, ఆపరేషన్ కానీండి, ఆ పేషెంటు లేచి ఇంటికి పోతాడు, ఈ మధ్యాహ్నం ఇక్కడ ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు, జరగనిదానికి ఎవరు మాత్రం దండం పెడతారు, అనుకుంటూ కుర్చీలో కూలబడి గంగక్కకు ఫోన్ చేశాను.

ఏం గంగక్కా, ఎందుకు చేశావు, ఏం లేదు పాపా, ఊరికే చేసినా, పలుకుతావో లేదో అని, అంది, ఎప్పుడూ ఇదే మాట, నాయన పోయినప్పటి నుంచి కొన్నాళ్ళకొకసారి ఇలాగే చేస్తుంది, అన్నం తిన్నావా అని కూడా అడగకుండా ఫోను పెట్టేస్తుంది, పని లేక చేస్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ, నేలలో అదురు ఇంకా తెలుస్తోంది, ఆ పైపు ఇంకా తీయలేదు ఆమె, గట్టు దాటి, కోడుమూరు దాటి, నా దాకా వేసి ఉంచింది, ఉండు గంగక్కా, పెట్టెయ్యొద్దు, పలుకుతున్నాను.