రెండు జాగలు

నార్వే నుంచి తిరిగొచ్చిన స్వర్ణలత సంచులు విప్పనేలేదు. హైదరాబాదులోని తన గదిలో కెమెరా సంచిని గోడకు ఆనించి, దాని పక్కనే చాప వేసుకొని పడుకుంది. ఏండ్ల తరబడి బరువు మోసిన కుడి భుజం ఎటు ఒత్తిగిలినా సలుపుతూనే ఉంది.

రామన్నపేటలో మగ్గం నేసే లక్ష్మీనర్సయ్య బిడ్డ ఆమె. నల్గొండలో డిగ్రీ చదువుతూ ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరింది. కొన్నాళ్లు పెళ్లిళ్లు తీసి, విసుగొచ్చి, కొండలూ వాగులూ తీయడం మొదలుపెట్టింది. క్యాలెండర్ల వాళ్లు, పెద్ద హోటళ్ల వాళ్లు, పత్రికల వాళ్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయింది. బొలీవియా ఉప్పు నేలలు తీసింది. నమీబియా ఇసుక దిబ్బల మీద తెల్లవారుజాము కోసం వణుకుతూ కూర్చుంది. మొదట్లో ఒక్కో చోటు చూస్తే నోట మాట వచ్చేది కాదు. ఇప్పుడు ఏ కొండ ముందు నిలబడ్డా ఇంతకుముందు తీసిందే అనిపిస్తోంది. నార్వేలో నల్లటి కొండల నడుమకు సముద్రం చొచ్చుకొచ్చిన చోట, పక్కనున్న వాళ్లంతా మైమరచి చూస్తుంటే, తనకు ఎప్పుడు కూర్చోవడానికి దొరుకుతుందా అని మాత్రమే ఆలోచించింది.

అట్లాంటి రోజుల్లో కమలాకర్ ఫోన్ చేశాడు. మేనమామ ఇంట్లో ఉండి నల్గొండలో ఆమెతో పాటు చదువుకున్నవాడు. ఇప్పుడు కొత్తకోటలో బడి పంతులు.

"స్వర్ణా, మా నెమలిగుట్టపల్లె మునుగుతాంది. రిజర్వాయర్ కట్ట అయిపోవచ్చింది. ఈ వానకాలం నీళ్లు ఇడుస్తరంట. ఎవరి జాగ వాళ్లు ఫోటో తీయించుకుంటమంటున్నరు. జర వచ్చిపోరాదు."

"నాకు ఓపిక లేదు కమలాకర్. ఆడనే ఎవరన్న స్టూడియో ఆయన్ని పిలువు."

"పిలిచినం. వచ్చి అందర్ని వరుసగ నిలబెట్టి తీసిపోయిండు. ఫోటోలల్ల మనుషులొచ్చిన్రు గని జాగలు రాలే. నువ్వు జాగలు తీసేదానివి గద."

కాదనడానికి కూడా ఓపిక కావాలి. అది లేక ఒప్పుకుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో పోయింది. ఊరు అప్పటికే సగం ఖాళీ. కొత్త కాలనీలో పనికొస్తాయని తలుపులు, కిటికీలు పీక్కుపోయారు. గోడలు మాత్రం కన్నాలతో నిలబడి ఉన్నాయి. పొద్దుగాల నుంచే జనం ఆమె చెయ్యి పట్టుకొని తిప్పారు. ఒకాయన తన బావి తీయమన్నాడు. ఒకామె రోలు పాతిన మూల తీయమంది. ఇంకొకాయన చింతచెట్టు కింద తన తండ్రి పంచాయితీలు చెప్పిన బండ చూపించాడు. కొండలు తీసేటప్పుడు మనుషులు పక్కకు తప్పుకునేదాకా కాచుకొని కూర్చోవడం ఆమెకు అలవాటు. ఇక్కడ ఒకరు తప్పుకుంటే ఇద్దరు అడ్డమొచ్చారు. మధ్యాహ్నానికి కండ్లు మంట పుట్టాయి. ఆ ఎండలో తీసిన ఫోటోలు బాగుండవని తెలిసీ తీస్తూ పోయింది.

అన్నం తిని కమలాకర్ ఇంటి అరుగు మీద నడుం వాల్చబోతుంటే ఒక ముసలామె వచ్చి ఎదురుగా నిలబడింది. కమలాకర్‌కు చిన్నమ్మ వరస, పేరు నర్సింగమ్మ. ఆమె వెనుక, తలకు తువ్వాల చుట్టుకొని, పెనిమిటి కాటమయ్య ఉన్నాడు.

"బిడ్డా, మా చేన్లకు జర వస్తవా?" అంది నర్సింగమ్మ.

స్వర్ణలత లేచింది. ముగ్గురూ వాగు వెంబడి నడిచారు. కాటమయ్య చేతికట్టె ఊనుకుంటూ వెనుక వచ్చాడు. చేను పై గట్టు మీద రేగుచెట్టు ఉంది. నర్సింగమ్మ దాని కింద నేలను చూపించి, "గిక్కడ తియ్యి" అంది.

అక్కడ ఎర్రమట్టి, గులకరాళ్లు, నిరుటి జొన్న కొయ్యలు తప్ప ఏమీ లేవు.

"చెట్టు తియ్యాల్నా పెద్దమ్మా?"

"చెట్టు గాదు. గీ జాగ. నా తొలుసూరు బిడ్డను ఈడ పెట్టిన్రు. ఆడపిల్ల. ఇంక నడక గూడ రాలె. జెరమొస్తె మక్తల్ దవాఖానకు తీస్కపోయినం, దక్కలె. రాయి గూడ పాతలేదు గని నాకు ఎరికె. కలుపుకొచ్చినప్పుడల్ల గీడ్నే కూసుంట. దానితోని ముచ్చట పెడ్త."

స్వర్ణలత మోకాళ్ల మీద కూర్చొని కెమెరా సర్దుకుంది. వెనుక కాటమయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆడ గాదు."

నర్సింగమ్మ వెనక్కి తిరిగింది. "ఏంది ఆడ గాదు?"

ఆయన చేను దిగువకు నడిచాడు. వాగు వంపు తిరిగే చోట ఆగి, చేతికట్టె నేలకు తాకించాడు.

"గిక్కడ. ఆ నాడు రేగుచెట్టు కిందనే తవ్వినం. అంత రాయే, గడ్డపార దిగలే. పొద్దుగూకుతాంది. ఇగ నాయిన, నేను గీడికి తెచ్చినం. నువ్వు ఇంటికాడ సోయి లేకుండ పడి ఉంటివి. తెల్లారి నువ్వు అడిగితె రేగుచెట్టు కింద అన్న. ముందుగాల అనుకున్న జాగ గదే గద, నోట్లకెల్లి గదే వచ్చింది."

"తర్వాతన్న చెప్పకపోతివి."

"అప్పటికే నువ్వు ఆడ కూసోవట్టినవు. కూసుంటె నీకు నిమ్మలంగ ఉంటుండె. లేపి, ఇంకోకాడ కూసోమని ఎట్ల చెప్పాలె?"

సగం దూరం దిగివచ్చిన నర్సింగమ్మ అక్కడే, రెండింటికీ నడుమ, నేల మీద కూలబడింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని స్వర్ణలత చూసింది. ముసలామె చాలాసేపు జొన్న కొయ్యలను ఒక్కొక్కటే పీకి పక్కన పెడుతూ కూర్చుంది.

"అంటె ఇన్నేండ్ల సంది వట్టి మట్టికి ముచ్చట చెప్పిన్నన్నట్టు."

"నాగలి తోలినప్పుడల్ల నేను గీడ ఆగి పోతుంటి," అన్నాడు కాటమయ్య. "పిల్ల ఒక్కతె ఐతె లేకుండె."

ఆ మాటకు నర్సింగమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. చెమటో కన్నీళ్లో స్వర్ణలతకు తెలియలేదు. కాసేపటికి లేచి, "రెండు తియ్యి బిడ్డా," అంది. "అది నా జాగ. గది దాని జాగ."

స్వర్ణలత కెమెరా భుజానికి వేసుకొని చేనంతా తిరిగింది. దగ్గరికి పోతే ఒకటే పడుతోంది, దూరం పోతే రెండూ మట్టిలో కలిసిపోతున్నాయి. ఒడ్డుల మీదికి ఎక్కింది, దిగింది. చివరికి రిజర్వాయర్ కట్టకు వీపు పెట్టి తూర్పు గట్టు మీద నిలబడితే ఎడమ దిక్కు రేగుచెట్టు, కుడి దిక్కు వాగు వంపు కనబడ్డాయి. వాటి వెనుక నెమలిగుట్ట. ఆ గుట్ట నడుమ పల్లంలోంచి దూరాన ఊరోళ్లు జంటగుండ్లు అనే రెండు పెద్ద బండరాళ్లు, సరిగ్గా వాగు వంపు మీద నిలబెట్టినట్టు తొంగిచూస్తున్నాయి.

"నీళ్లొచ్చినంక ఏం కనబడతది బిడ్డా?" అని అడిగింది నర్సింగమ్మ.

"గుట్ట మునుగదు పెద్దమ్మా. కట్ట మీద నడుసుకుంట పోండ్రి. జంటగుండ్లు గుట్ట పల్లంలకు వచ్చినకాడ ఆగి ఎదురుంగ చూస్తె, పిల్ల జాగ ఆ గీతల్నే ఉంటది. రేగుచెట్టు దానికి ఎడమకు."

కాటమయ్య వాగు వంపు దగ్గరే నిలబడి ఉన్నాడు. జరగమని ఆమె అడగలేదు. అట్లాగే తీసింది.

ఆ వానకాలం నీళ్లొచ్చాయి. చిలీ పోవాల్సిన పని వచ్చింది గానీ, భుజం చూసిన డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. పని పోయినందుకు బాధ కలగకపోవడం చూసి స్వర్ణలతకే వింత అనిపించింది. చలికాలంలో మిగిలిన ఫోటోలు ఇవ్వడానికి కొత్తకోట బస్సెక్కింది.

నర్సింగమ్మ వాళ్ల కాలనీ ఇంట్లో ఆ చేను ఫోటో వంటగదిలో బియ్యం డబ్బా పైన తగిలించి ఉంది. వచ్చినోళ్లంతా వట్టి చేను ఎందుకు పెట్టుకున్నరని అడుగుతుంటే లోపలికి మార్చానని నర్సింగమ్మ చెప్పింది. కట్ట దాకా పోవాలని ఆమెకు చాన్నాళ్లుగా ఉంది. కమలాకర్ ఆటో మాట్లాడి, తనూ వెంట వచ్చాడు.

కట్ట మీద గాలి చల్లగా కొడుతోంది. ఎటు చూసినా నీళ్లే. కాటమయ్య గుట్టను చూస్తూ నడిచి, ఒకచోట ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి చాపాడు. "గాడ."

"నాదేది?"

"ఎడమకు."

"ఇంక జర ఈ దిక్కు ఉండాలె."

"నీకేం ఎరిక. నేను తవ్విన్న, నువ్వు తవ్వినవా?"

"తవ్వి తప్పు జాగ చెప్పినోనివి నువ్వే గద."

వాళ్లు మెల్లగా వాదించుకుంటూనే ఉన్నారు. స్వర్ణలత కట్ట వాలున పరిచిన రాళ్ల మీద కూర్చుంది. నీళ్లు రాళ్లకు తాకుతున్న చప్పుడు, వాళ్ల మాటలు కలిసిపోయి వినిపించాయి. కొంగు మడిచి తల కింద పెట్టుకొని పక్కకు ఒరిగింది.

కండ్లు తెరిచేసరికి పొద్దు వాలింది. మొఖాన ఎండ పడకుండా నర్సింగమ్మ పడమటి దిక్కున అడ్డం కూర్చొని ఉంది. మగవాళ్లిద్దరూ ఆటో దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"లేపుతనన్నడు కమలాకరు. నేనే వద్దన్న."

"చానసేపయిందా పెద్దమ్మా?"

"కానియ్. ఇప్పుడేం మునిగిపోతాంది."

స్వర్ణలత వెంటనే లేవలేదు. నర్సింగమ్మ కూడా తొందరపెట్టలేదు. ఆటో ఆయన హారన్ కొట్టిన తర్వాత, మోకాళ్లు పట్టుకొని ఇద్దరూ మెల్లగా కట్ట ఎక్కారు.