మంచులో పట్టుచీర

హైమవతి సోఫా దిళ్లకు కొత్త గలీబులు తొడుగుతుంటే భర్త దుర్గాప్రసాద్ గొంతు తగ్గించి, "అత్తయ్యగార్ని ఆ కాసేపు లోపలి గదిలో ఉంచు," అన్నాడు. గొంతు తగ్గించనక్కర్లేదు. అత్తయ్యగారికి పక్కన తుపాకీ పేలినా వినపడదు.

వాళ్లమ్మాయి అక్షయని చూడటానికి హనుమాన్ జంక్షన్ నుంచి పెళ్లివారు వస్తున్నారు. హైమ తల్లి సంపూర్ణమ్మ, భర్త పోయాక ఇంగ్లండు వదిలి బెజవాడలో కూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడ మాట్లాడితే పక్కవీధికి వినపడుతుంది. పైగా మిల్లు సంగతి ఎత్తుతుంది. ఈ ఇంట్లో హైమ 'లండన్ కోడలు'. తను పెరిగింది లండన్‌కి దూరంగా ఎక్కడో పొగగొట్టాల చిన్న ఊళ్లో అని పెళ్లైన కొత్తలో చెప్పింది. "ఇక్కడివాళ్లకి అదంతా ఒకటేలేమ్మా," అంది హైమ అత్తగారు. అంతటితో ఆ ఊరు లండన్లో కలిసిపోయింది.

ఆ ఊళ్లో ఇళ్లు మసిపట్టిన ఎర్ర ఇటుకలతో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. అమ్మ చీకటితోనే మిల్లుకి పోయేది. మరమగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్లు. అమ్మ ఆ విద్య హైమకీ నేర్పింది. జుట్టునిండా దూదిపింజలతో ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే పొయ్యి వెలిగించేది. నాన్నదీ అదే మిల్లు. కానీ ఆయన అలిసిపోయేవాడు. అమ్మ కూడా అలిసిపోతుందని ఆ ఇంట్లో ఎవరికీ, అమ్మతో సహా, తట్టలేదు. గుడివాడలో బంధువులకి ఫోటో పంపాలంటే మాత్రం నాన్న ఆ కోటు విప్పించి, పట్టుచీర కట్టించి మంచులో నిలబెట్టేవాడు. "మా ఇంటి ఆడది ఫ్యాక్టరీకి పోతోందంటే పరువుంటుందా?" ఫోటోలో అమ్మ నవ్వుతున్నట్టుంటుంది. నిజానికి చలికి పళ్లు బిగబట్టింది.

పెళ్లివారొచ్చారు. అక్షయ ట్రాక్టర్ల కంపెనీలో సర్వీసు ఇంజినీరు. గోళ్లలో గ్రీజు ఓ పట్టాన పోదు. పెళ్లికొడుకు తల్లి కనకవల్లి ఆ గోళ్లకేసి చూసి, "ఆఫీసులో కూచుని చేసే పనేనని మావాళ్లకి చెప్పాంలెండి," అంది. అక్షయ తల దించుకుంది.

అంతలో మూసిన తలుపు వెనకనుంచి కేక. "హైమా! వచ్చారటే వాళ్లు? అబ్బాయి బాగున్నాడా?"

"టీవీ అండీ," అన్నాడు దుర్గాప్రసాద్.

కనకవల్లి మొగుడివైపు వంగి ఏదో గొణిగింది. వంటింటి గుమ్మంలో ఉన్న హైమకి ఆ పెదవులు కనపడితే చాలు. *పిచ్చిదాన్నెవర్నో గదిలో పెట్టారు. పిల్లకీ రాదని నమ్మకమేంటి?*

హైమ వెళ్లి తలుపు తీసింది. తల్లిని చెయ్యిపట్టి తీసుకొచ్చి సరిగ్గా కనకవల్లి పక్కనే కూర్చోబెట్టింది.

"మా అమ్మండీ. పిచ్చి కాదు, చెవుడు. ఇరవయ్యేళ్లు మిల్లులో మగ్గాలు నడిపితే వచ్చింది. పిల్లకి రాదు, భయపడకండి."

సంపూర్ణమ్మ ఒక్కతే అందర్నీ చూసి నిండుగా నవ్వింది.

దుర్గాప్రసాద్ పళ్లు కొరుకుతూ భార్యని వంటింట్లోకి లాక్కెళ్లాడు. "సంబంధం చెడగొట్టడానికేనా ఇదంతా?"

"మా అమ్మని మా నాన్న దాచాడు. నన్ను మీరు లండన్లో దాచారు. అక్షయని వీళ్లు పెళ్లి కాకముందే ఆఫీసులో దాచేస్తున్నారు. ఇలా దాక్కోవడం దానికిష్టమేనా అని అందరి ముందూ అడగబోతున్నాను. దారివ్వండి."