అగ్బాజే వీధి ట్రాన్స్‌ఫార్మర్

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పద్నాలుగు నెలలైంది. వీధి సంఘం సెక్రటరీగా లసీసీ కరెంటు కంపెనీకి పదకొండు ఉత్తరాలు రాశాడు. దేనికీ జవాబు రాలేదు. చివరికి తానే వెళ్తే అక్కడి ఇంజనీరు, "మా దగ్గర సరుకు లేదు బాబా. మీరు కొనుక్కోండి, మేం కలుపుతాం" అన్నాడు. ఇబాదాన్ నగరంలో ఏ వీధికైనా చెప్పే మాటే అది. కొనేది వీధి, బిల్లు వేసేది కంపెనీ.

అగ్బాజే వీధిలో అరవై మూడు ఇళ్లు. ఏడు నెలలు చందాలు వేసుకున్నారు. ఒకతను తండ్రి చనిపోయిన ఎనిమిదో రోజు పెట్టాల్సిన విందు మానుకుని ఆ డబ్బు ఇచ్చాడు. ఇయా బసీరా, అంటే బసీరా తల్లి, పెళ్లినాటి గాజులు అమ్మింది. ఆమె మిరపకాయలూ టమాటాలూ రుబ్బే మర నడుపుతుంది. కరెంటు లేక జెనరేటరు పెడితే మర సంపాదన పెట్రోలు తాగేస్తోంది. మర ఆగితే ఇద్దరు పిల్లల బడి ఆగుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ లారీ దిగిన రోజు సాయంత్రం బడి గదిలో సంఘం కూర్చుంది.

"రేపు పొద్దున్నే కలిపించెయ్యండి సెక్రటరీ గారూ" అంది ఇయా బసీరా.

"ప్రారంభోత్సవం లేకుండానా?" అన్నాడు లసీసీ.

"దీపం వెలిగించుకోవడానికి ముహూర్తమెందుకు?"

"పేరు పెట్టని బిడ్డా, ప్రారంభించని పనీ ఒకటేనమ్మా. పక్క వీధి వాళ్లు బోరు వేసుకుంటే షామియానా వేశారు, డోలు పెట్టారు. మనం దొంగల్లా స్విచ్చి వేసుకుందామా? ఆనరబుల్‌ని, అదే మన శాసనసభ్యుణ్ణి, పిలుద్దాం. ఆయన చేత్తో రిబ్బను కత్తిరిస్తే, రేపు ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి మొహం ఉంటుంది."

"ఓటేశాక ఆయన మొహం మనం చూశామా, మన మొహం ఆయన చూడ్డానికి? వండింది మనం. ఉప్పు చూడ్డానికి ఆయన్నెందుకు పిలవడం?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే లసీసీ వైపు చేతులెత్తారు. ముప్పై ఒక్క ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. పద్ధతులు తెలుసని అందరికీ నమ్మకం.

ఆడవాళ్లు ఒకే రంగు గుడ్డ కొని కుట్టించుకున్నారు. మేకను కోశారు. పదింటికి రావాల్సిన శాసనసభ్యుడు ఒంటిగంటన్నరకు వచ్చాడు. డోలువాడు ఆయన తాత ముత్తాతల పేర్లు పలికించాడు. రాతిఫలకం ఆనరబుల్ మనుషులే తెచ్చారు. తెర తీశాక దాని మీద ఏముందో లసీసీ చదివాడు. 'నియోజకవర్గ నిధులతో మంజూరు' అని ఉంది.

పక్కన నిలబడ్డ ఇయా బసీరాకు చదువు రాదు. "ఏం రాశారు?" అని అడిగింది.

"ఆయన పేరు రాశారు" అన్నాడు లసీసీ.

అదే సమయంలో బల్బులు వెలిగాయి. వీధంతా కేక వేసింది. వచ్చింది వెలుగు, రాయి మీద ఏముంటే ఏం అనుకున్నాడు లసీసీ.

వారం తర్వాత ఆనరబుల్ సహాయకుడు బోలూజీ ఫోను చేసి, ఫైల్లో పెట్టడానికి ధన్యవాద పత్రం కావాలన్నాడు. పెద్దమనిషి వచ్చి వెళ్లాక పత్రం రాయకపోవడం లసీసీ దృష్టిలో ఇంటికొచ్చిన వాడికి మంచినీళ్లివ్వకపోవడం లాంటిది. ఉదయమంతా కూర్చుని స్వదస్తూరితో రాశాడు. 'మా వీధికి ట్రాన్స్‌ఫార్మర్ ప్రసాదించిన తమకు అరవై మూడు కుటుంబాలు రుణపడి ఉంటాయి.' మర్యాద పత్రంలో ఎవరు ఎంత పెట్టారన్నది రాయరు. సంఘం ముద్ర వేసి పంపాడు.

నాలుగు నెలలు మర తిరిగింది.

ఐదో నెల ఒక మంగళవారం మధ్యాహ్నం క్రేను, లారీ వచ్చాయి. వెంట కరెంటు కంపెనీ ఇంజనీరు, తుపాకులతో ఆరుగురు పోలీసులు, బోలూజీ. గుట్ట అవతల గేటెడ్ ఎస్టేటులో ఏసీల భారానికి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయిందట. ఆనరబుల్ తన పథకాన్ని అక్కడికి మారుస్తున్నారట.

లసీసీ ఇంట్లోకి పరుగెత్తి ఫైలు తెచ్చాడు. కొన్న రశీదు, చందాల జాబితా, అరవై మూడు సంతకాలు, వేలిముద్రలు.

"ఇది మాది బాబూ. మా డబ్బు. ఇదిగో చూడు."

బోలూజీ రశీదు వైపు చూడలేదు. తన ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

"బాబా, ఇది మీ రాతే కదా?"

"నాదే. కానీ..."

"ముద్ర?"

"మాదే. అది మర్యాదకి రాసిందయ్యా."

"ప్రసాదించిన అన్నారు. రుణపడి ఉంటామన్నారు. మేం ఇవ్వకపోతే ఎందుకు రాశారు? అబద్ధం రాశారా?" అని ఇంజనీరుకి ఆ కాగితం అందించాడు. ఇంజనీరు చదివి వీధి జనం వైపు ఎత్తి చూపించాడు. వీధిలో ఉండే మెకానిక్ ఒకడు దాన్ని అందుకుని, కుర్చీ ఎక్కి గట్టిగా చదివాడు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆపేశాడు.

"సొమ్మొకడిది, సోకొకడిది" అన్నారెవరో.

ఇయా బసీరా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చుంది. "నన్ను కూడా ఎత్తండి. ఎస్టేటులో దించండి. వాళ్ల మిరపకాయలు రుబ్బి పెడతా" అంది. ఇద్దరు పోలీసులు చెరో చేయి పట్టుకుని ఆమెను దింపి పక్కన కూర్చోబెట్టారు. ఒకడు ఆమె చెప్పు ఏరి ఇచ్చాడు. బోల్టులు విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది.

లారీ వెళ్లిపోయాక లసీసీ, "నేను సెక్రటరీగా తప్పుకుంటాను" అన్నాడు.

"తప్పుకుంటే అర్జీ ఎవరు రాస్తారు?" అంది ఇయా బసీరా. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఎవరికి రాయాలమ్మా?"

కంపెనీ వాళ్లు ఆనరబుల్‌ని అడగమన్నారు. పోలీసులు కంపెనీని అడగమన్నారు. చివరికి ఆనరబుల్ దగ్గరికే వెళ్లాలని తేలింది.

ఆయన శనివారం జనాన్ని కలుస్తాడు. పదకొండు మంది వెళ్లారు. గేటు ముందు మూడు వందల మంది వరుసలో ఉన్నారు. మూడు గంటలు నిలబడ్డారు. ఏమని అడగాలో లసీసీ దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. వంతు వచ్చేసరికి బల్ల వెనక ఆనరబుల్ లేడు. రాజధాని వెళ్లాడట. బోలూజీ కూర్చున్నాడు, వెనక బియ్యం సంచుల గుట్ట. ప్రతి సంచి మీదా ఆనరబుల్ బొమ్మ ఉంది.

"మేం అగ్బాజే వీధి నుంచి..." అని లసీసీ మొదలుపెట్టాడు.

"తెలుసు బాబా, ఆనరబుల్‌కి చెప్తా." సంచి అతని చేతుల్లో పెట్టాడు. ఎదురుగా ఉన్న కుర్రాడు ఫోటో తీశాడు. "పక్కకి, పక్కకి. తర్వాత ఎవరు?"

వెనకనుంచి తోశారు. పక్కకి వచ్చేసరికి లసీసీ చేతుల్లో సంచి ఉంది, అడగాల్సిన మాట నోట్లోనే ఉంది. తర్వాత వంతు ఇయా బసీరాది. ఆమె ఏమీ అడగలేదు. సంచి తీసుకుంది.

గేటు బయట లసీసీ ఆమె వైపు చూశాడు.

"అలా చూడకండి. మర ఆగి పదకొండు రోజులైంది" అంది. "ఉడికేది బియ్యం. ఆయన బొమ్మ కాదు."

తిరిగి వెళ్లే బస్సులో పదకొండు మంది ఒళ్లోనూ సంచులున్నాయి. దిగాల్సిన చోటుకి రెండు స్టాపుల ముందు లసీసీ తన సంచిని బొమ్మ ఉన్న వైపు కడుపుకి ఆనేలా తిప్పుకున్నాడు. కాసేపటికి మిగతావాళ్లు కూడా తిప్పుకున్నారు.