రాతిమెట్ట దగ్గర ఆగిన కాలువ

సాలూరు ఎగువన కొండగెడ్డ వాగు నుంచి ఊరి మళ్ళకు ఎస్టేటు వాళ్ళు కాలువ తవ్విస్తున్నారు. ఆ పనికి గణపతిరావు ఓవర్సీరు. దారిలో పెద్ద రాతిమెట్ట అడ్డం. అతని పైనున్న ఇంజినీరు మెట్ట జోలికి పోకుండా దానికి అటూ ఇటూ మెత్తటి నేలంతా తవ్వించి, అడిగినప్పుడల్లా "పని ముప్పాతిక అయింది" అని చెబుతూ వచ్చాడు. యుద్ధం రోజులు. బియ్యం దొరక్క జనం చోడి అంబలితో నెట్టుకొస్తున్నారు.

ఆ వేసవిలో ఎస్టేటు దివాను స్వయంగా వచ్చాడు. ఇంజినీరు గణపతిరావుని ముందే పక్కకు పిలిచి, "ముప్పాతిక అను. ఇంకేం మాట్లాడకు" అన్నాడు.

దివాను అడగనే అడిగాడు. "ఏమోయ్, ముప్పాతిక అయినట్టేనా?"

గణపతిరావు తలెత్తి చూశాడు. ఇంట్లో భార్య నిండుచూలాలు. ఎదురుగా గట్టు మీద రైతులు.

"లేదండి. ఒక్క మడికీ నీరు చేరలేదు. మెట్ట తొలిచేదాకా ఇవి కాలువలు కావు, గోతులు."

"నా కొలతలు అబద్ధమా?" ఇంజినీరు మీదికొచ్చాడు.

"కొలతలు నిజమేనండి. పని అయిందన్న మాటే అబద్ధం."

చిట్టచివరి మడి రైతు దానమ్మ గట్టు దిగి వచ్చింది. "బాబూ, మూడొంతులు నుయ్యి తవ్వి ఒగ్గేస్తే సేద దింపితే ఏటొస్తాది?"

సాయంత్రానికి గణపతిరావు ఉద్యోగం ఊడింది, ఎస్టేటు ఇచ్చిన ఇల్లూ పోయింది. ఊరు విడిచిపోదామని అతనంటే, "నిజం చెప్పి పారిపోవడమేటి?" అని భార్య చిన్నతల్లి సామాను దానమ్మ చావిట్లో దింపించింది.

మర్నాడే ఊరంతా మెట్టెక్కింది. గణపతిరావు చూపించిన చోట కట్టెలు పేర్చి మంట పెట్టారు. రాయి కాగాక నీళ్ళు గుమ్మరించారు. బీటల్లో గునపాలు దించారు. రైతు దాలయ్య వేళ్ళు రెండు నలిగిపోయాయి. ఎస్టేటు బంట్రోతు వచ్చి, "ఎవరి హుకుం?" అన్నాడు.

"మీ దివాన్నే వచ్చి అడగమను" అంది దానమ్మ.

వానలు పట్టాక మెట్ట నడుమ నుంచి ఎర్రనీరు సన్నగా జారింది. ఆ ఏడు దానమ్మ మడి సగమే తడిసింది. అయినా నాట్లేసింది.

తరవాత ఎస్టేటు వాళ్ళు అక్కడ కాలువ తవ్వించినవాడిగా ఇంజినీరు పేరు చెక్కిన రాయి పాతారు. ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పుకుంటూ ఉండిపోయిన గణపతిరావు దాన్ని చూసి ఊరుకున్నాడు. దానమ్మ ఊరుకోలేదు. రాయి నిండా పిడకలు కొట్టింది. బంట్రోతు కేకలేస్తే, "ఎండకి బాగా కాగుతాది గదా, బేగి ఆరతాయి" అంటూ ఇంకొకటి చరిచింది.