యాభై నాలుగు ఎవరి వంతు

మా అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో మధ్యవాడి పని బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించడం. జనానికి తెలిసింది అంతే. అసలు పని అంతకు ముందు ఏడెనిమిది క్షణాల్లో ఉంటుంది. ఎదుట నిలబడ్డవాళ్ళలో ఎవరు మీదికి దూకుతారో, ఎవరు దూకినట్టు నటించి వెనక్కి జారుకుంటారో వాళ్ళ మడమలు చూసి పసిగట్టాలి. అటూ ఇటూ ఉన్న నలుగురికీ ఎవరు ఎవర్ని ఆపాలో అరిచి చెప్పాలి. మేం ఐదుగురం గోడ. గోడ వెనక బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. గోడ నిలిచినంతసేపే వాడి ఆయుష్షు.

నా పేరు లెన్ బొడ్నార్. టొలెడో జట్టుకి పదకొండేళ్ళు మధ్యవాడిగా ఆడాను. పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే, నదికి తూర్పున, హంగేరీ వాళ్ళ పేటలో. మా నాన్న గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి, చేతులు కాల్చుకుని, ఆదివారం మధ్యాహ్నం మాత్రం బీరు సీసా పట్టుకుని ఆట చూసేవాడు. ఆయన పోయాక జరిగింది ఇదంతా. అదొక్కటే నాకు ఊరట.

జట్టులో నా పదో ఏడాది ట్రెంట్ హాలోవే వచ్చాడు. బంతి మా చేతిలో ఉన్నప్పుడు ఏ ఎత్తు వెయ్యాలో చెప్పే కోచ్ అతను. ముప్పై నాలుగేళ్ళు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. పేపర్లన్నీ మేధావి అని రాశాయి. హోటల్లో మెనూ కార్డులా ప్లాస్టిక్ తొడిగిన పెద్ద అట్ట ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది, దాని నిండా రంగురంగుల ఎత్తులు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి ముఖం చూడడు, అట్ట చూస్తాడు.

అతనికి ఒక పిచ్చి ఉండేది. బంతి పట్టగలిగే ఐదుగుర్నీ ముందుకి పరిగెత్తించాలి. వెనక సాయానికి ఒక్కణ్ణి కూడా ఉంచకూడదు. పైనుంచి చూస్తే అది చాలా అందంగా ఉంటుంది. కానీ అవతలివాళ్ళు ఆరుగుర్ని మీదికి పంపితే మేం ఐదుగురమే. ఒకడు మిగులుతాడు. ఇది ఒకటో తరగతి లెక్క. అలాంటప్పుడు మిగిలినవాడు వచ్చేలోగా బంతిని దగ్గర్లో ఉన్న మనిషికి విసిరెయ్యాలి. హాలోవే ఎత్తుల్లో దగ్గర్లో మనిషే ఉండడు. అందరూ ఇరవై గజాలు పరిగెడుతూ ఉంటారు.

నవంబరులో ఒక ఆదివారం, మా మైదానంలోనే ఆట. నాలుగు భాగాల ఆటలో రెండో భాగానికల్లా అవతలివాళ్ళకి మా రహస్యం అర్థమైపోయింది. ప్రతిసారీ ఆరుగుర్ని పంపడం మొదలెట్టారు. మా క్వార్టర్‌బ్యాక్ కేడ్ రెనర్ విరామానికి ముందే నాలుగుసార్లు వెల్లకిలా పడ్డాడు. ఐదోసారి లేవనెత్తుతుంటే నా జెర్సీ పట్టుకుని, "అన్నా, ఊపిరి తిరగట్లేదే. ఏదో ఒకటి చెయ్యి," అన్నాడు.

కోచ్‌లు నిలబడే మైదానం అంచు గీత దగ్గరికి వెళ్ళి హాలోవేకి చెప్పాను. "కోచ్, ప్రతిసారీ ఆరుగురొస్తున్నారు. వెనకుండే పరుగువాణ్ణి ఒక్కణ్ణి కదలనివ్వకండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

అట్ట మీంచి కళ్ళెత్తలేదు. "లెన్, నువ్వు బంతి అందించు. ఆలోచించే పని నాకు వదిలెయ్."

మా గోడకి కోచ్ గస్ మెర్లీనో పక్కనే ఉన్నాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, నాకు ఈ విద్య నేర్పినవాడు. అంతా విన్నాడు. విని టోపీ సర్దుకున్నాడు.

మూడో భాగంలో మళ్ళీ అదే ఎత్తు వచ్చింది. నేను వంగి బంతి మీద చెయ్యి వేసి చూశాను. ఆరుగురు. ఎడమ చివర యాభై నాలుగో నంబరువాడు, పరుగుకి బొటనవేళ్ళ మీద లేచి ఉన్నాడు. ఐదుగురితో ఆరుగుర్ని ఆపాలంటే ఒక నియమం ఉంది. లోపలివాళ్ళని ముందు ఆపాలి, బయటి చివరివాణ్ణి వదిలెయ్యాలి, వాడికి దూరం ఎక్కువ కాబట్టి. "లోపలికి! లోపలికి!" అని అరిచాను.

ఎడమ చివర మావాడు ఒడెల్ ప్రూయిట్. మిసిసిపీ నుంచి ఆ ఏడే వచ్చాడు. నేను చెప్పినట్టే లోపలికి తిరిగి తన మనిషిని బండలా ఆపాడు. పక్కనుంచి యాభై నాలుగు ఖాళీ రోడ్డు మీద లారీలా వచ్చాడు. కేడ్ కుడివైపు దూరంగా చూస్తున్నాడు. వాడికి తెలియనే తెలియదు. కేడ్ మోకాలి చప్పుడు నేను విన్నాను. పచ్చి కొమ్మ విరిచినట్టు.

గ్యాలరీల్లోంచి బూతులు మొదలయ్యాయి, అన్నీ ఒడెల్ మీదే. పైనుంచి చూసేవాళ్ళకి కనబడింది ఒకటే కదా, పక్కనుంచి మనిషి వస్తుంటే వీడు అటు చూడకుండా ఇటు తిరిగాడు. ముందు వరసలో చర్చికి వెళ్ళే కోటు వేసుకున్న ఒక ముసలాయన సాస్ కారుతున్న సాసేజ్ విసిరాడు. అది ఒడెల్ హెల్మెట్‌కి తగిలి మెడ మీదికి జారింది. ఒడెల్ తుడుచుకోలేదు. కేడ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాడి చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

కేడ్‌ని బండి మీదికి ఎక్కిస్తుంటే నేను గీత వైపు చూశాను. హాలోవే వేలు అట్ట మీద కిందికి జరుగుతోంది. తర్వాతి ఎత్తు వెతుక్కుంటున్నాడు.

సోమవారం పొద్దున ఆట వీడియో చూసే సమావేశం. హాలోవే ఒక చేత్తో బేగెల్ రొట్టె నములుతూ, ఇంకో చేత్తో రిమోట్ నొక్కుతూ ఆ ఒక్క ముక్కనే తొమ్మిదిసార్లు వేశాడు. తొమ్మిదిసార్లూ కేడ్ మోకాలు వంకరపోయింది. వెన్నలాంటి తెల్లటి చీజ్ అతని పెదవి మూల అంటుకుని ఉంది. దాన్ని చూస్తే నాకు వాంతి వచ్చేలా ఉంది. అయినా చూపు తిప్పుకోలేకపోయాను.

"ఈ యాభై నాలుగు ఎవడి వంతు?" అన్నాడు.

అందరం తెర వైపే చూస్తున్నాం.

"చెప్పండయ్యా. ఎవడో ఒకడి వంతు అయ్యుండాలిగా? వాడు టికెట్ కొనుక్కుని లోపలికి రాలేదుగా?"

ఒడెల్ అన్నాడు, "కోచ్, నాకు లోపలికి అని పిలుపొచ్చింది."

"ఎవరు పిలిచారు?"

ఒడెల్ ఒక్కసారి నా వైపు చూశాడు. వెంటనే కళ్ళు దించుకున్నాడు. "పిలుపొచ్చింది కోచ్," అని మళ్ళీ అదే మాట అన్నాడు. నా పేరు చెప్పలేదు.

"మీ మిసిసిపీలో ఇంతేనా? ఆంబోతు మీదికొస్తుంటే పక్కకి తిరిగి పూలు కోస్తారా?"

నలుగురైదుగురు నవ్వారు. నా మూతి కూడా నవ్వినట్టు కదిలింది. దాన్ని ఈనాటికీ మర్చిపోలేను. భయపడి నోరు మూసుకోవడం ఒకటి. దానికి తోడు ఆ నవ్వొకటి.

ఎందుకు మాట్లాడలేదంటే, అది నా ఒప్పందంలో చివరి ఏడాది. నా వెనక ఇరవై నాలుగేళ్ళవాడు ఒకడు నా చోటు కోసం కాచుకుని ఉన్నాడు. ఇలాంటి కారణం ఆ గదిలో అందరికీ ఒకటుంది.

సమావేశం అయ్యాక నడవాలో గస్‌ని ఆపాను. ప్రతి ఆటకీ ఒక్కొక్కడికీ మార్కులు వేసేది అతనే. చేతిలో కాగితం ఉంది. ఒడెల్ పేరు ఎదురుగా మొదట కూడిక గుర్తు వేసి, దాన్ని కొట్టేసి, తీసివేత వేశాడు.

"గస్, అది నా పిలుపు. ఎత్తు హాలోవేది. వాడి తప్పు వెంట్రుకవాసి లేదు. నీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

"మరేంట్రా? వాడు కుర్రాడు, ఇంకో ఊళ్ళో ఇంకో జట్టు దొరుకుతుంది. నన్నెవడు తీసుకుంటాడు? నువ్వు మాత్రం ఏం పీకావు లోపల? దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నావు." పిప్పరమెంటు బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం ఒడెల్‌ని తీసేశారు. నేను వెళ్ళేసరికి తన అరలో సామాను నల్లటి చెత్త సంచీలో వేసుకుంటున్నాడు. బూట్లు, వాళ్ళమ్మ ఫోటో, కాళ్ళకి చుట్టుకునే పట్టీలు.

"అన్నా, ఒక్కటడుగుతా. నిజం చెప్పు," అన్నాడు. "నువ్వు లోపలికి అనే కదా అన్నావు? నేను తప్పు విన్లేదు కదా?"

"లోపలికనే అన్నాను."

"రాత్రంతా అదే ఆలోచన. నా చెవులే మోసం చేశాయేమో అనుకున్నా." సంచీ మూతి ముడేశాడు. "సరే. అంతే."

తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

బుధవారం విలేకరులు వచ్చే రోజు. ఇక ఉండబట్టలేక తెల్లబోర్డు తెప్పించి, మార్కర్‌తో ఐదు సున్నాలు, ఆరు ఇంటూలు గీసి చెప్పాను. ఐదుగురు ఆరుగుర్ని ఆపలేరు. లోపలికి అన్నది నేను. ఒడెల్ చెప్పినట్టు చేశాడు. ఒకామె మాత్రం రాసుకుంది. మిగతావాళ్ళు కేడ్ ఆపరేషన్ ఎప్పుడని అడిగారు. మర్నాడు పేపర్లో "సహచరుడి తప్పు తన మీద వేసుకున్న పెద్ద మనసు" అని నా ఫోటో. నిజం చెబితే త్యాగం కింద జమకట్టారు.

ఆ రోజు హాలోవే నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా మాట్లాడావు లెన్. జట్టుకి పెద్దదిక్కంటే ఇలా ఉండాలి." కోపం లేదు. అసలు పట్టించుకోలేదు. ఆ చెయ్యి తీసేదాకా ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది.

తర్వాతి ఆదివారం కొత్త క్వార్టర్‌బ్యాక్, అదే ఎత్తు, ఎదురుగా అదే ఆరుగురు. నేను వంగే ముందు పరుగువాడి వైపు తిరిగి, "నువ్వు కదలకు. ఎడమ చివరివాడు నీ వంతు," అన్నాను.

"కోచ్ చెప్పలేదుగా?"

"నేను చెబుతున్నా. తిట్లన్నీ నాకే."

వాడు నిలబడ్డాడు. చివరివాడి నడుం మీద భుజం మోపి కూలగొట్టాడు. బంతి నలభై గజాలు ఎగిరి మావాడి చేతుల్లో పడింది. అలా మూడుసార్లు చేశాం. గెలిచాం. నేను లోపల మంచుగడ్డల తొట్టిలో కూర్చుని ఉంటే గోడ మీద టీవీలో హాలోవే చెబుతున్నాడు: "వారమంతా కూర్చుని కాపలాలో చిన్న మార్పు ఒకటి కనిపెట్టాను." తొట్టిలోంచి లేచి టీవీ ఆపేశాను. పక్కవాడు స్కోర్లు చూస్తున్నానని తిట్టాడు.

ఇంకో ఏడాది ఆడి మానేశాను. కేడ్ మళ్ళీ ఆడలేదు. ఇండియానాలో మామగారి కార్ల షోరూములో ఉన్నాడు, కుంటుతూ. ఒడెల్ కెనడాలో నాలుగేళ్ళు ఆడాడు. ఒకసారి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. హాలోవేకి మాత్రం పడమటి ఊళ్ళో ఒక జట్టు మొత్తాన్నీ అప్పజెప్పారు.

ఆ వసంతంలో ఒక పొద్దున అతని దగ్గర్నుంచి ఫోన్. నేను వంటింట్లో మా ఆవిడ ఇలోనాకి ఉల్లిపాయలు తరిగి ఇస్తున్నాను.

"లెన్, గోడకి కోచ్ కావాలి నాకు. వస్తావా?"

"నేనెందుకు?"

"నువ్వు తెలివైనవాడివి. ఎప్పుడు నోరు విప్పాలో, ఎప్పుడు మూసుకోవాలో తెలిసినవాడివి. ఆ సోమవారం గదిలో చూశాగా నిన్ను."

ఆలోచించి చెబుతానని పెట్టేశాను. ఇలోనా అంతా విని, కత్తి నా చేతిలోంచి తీసుకుంది. "ఏమన్నావు?"

"ఏమీ అనలేదు."

"మళ్ళీనా?"

అక్కడే నిలబడి తిరిగి ఫోన్ చేశాను. రానన్నాను. అంతటితో ఆగలేదు. "ఆ యాభై నాలుగు ఒడెల్ వంతు కాదు. ఎవరి వంతూ కాదు. ఆపడానికి మనిషినే ఉంచలేదు నువ్వు. లోపలికి అన్నది నేను. ఇది ఆ రోజే చెప్పాల్సింది," అన్నాను.

అవతల హాలోవే నవ్వాడు, చిన్నపిల్లాణ్ణి చూసి నవ్వినట్టు.

"లెన్, ఆ వీడియో ముక్క తొమ్మిదిసార్లు వేశాను. నాకు తెలియదనుకున్నావా?"

నేను ఫోన్ పెట్టేసి సింకు దగ్గరికి పరిగెత్తాను. ఇలోనా నా వీపు మీద చెయ్యి వేసి, డోకు ఆగేదాకా అలాగే నిలబడింది.