గీతల్లేని వేళ్లు

పింఛను మెషిన్ మీద నా బొటనవేలు నాలుగోసారీ పడలేదు. "ఇంకో వేలు పెట్టండమ్మా," అంది సచివాలయం అమ్మాయి హిమజ. పలాసలో నలభై ఏళ్లు జీడి పిక్కలు కొట్టినదాన్ని. ఆ పిక్కల సొన నా పది వేళ్ల మీది గీతలనూ తినేసింది. ఇంక ఏ వేలు పెట్టను?

ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ వైకుంఠరావు నవ్వాడు. "మీ అక్క కేసూ ఇలాగే పోయింది కదేటి. మీ ఆడోల్ల వేళ్ల మీద గీతలుంటే అప్పుడే తేలిపోయేది."

ముప్పై ఏళ్ల కిందట మా అక్క నూకరత్నాన్ని మేం పనిచేసే జీడి ఫ్యాక్టరీ గోదాములో ఎవరో గొంతు నులిమి చంపారు. శవం పక్కన దొరికిన టీ గ్లాసు మీద ఒక వేలిముద్ర, గీత గీతా తెలిసేటంత స్పష్టంగా ఉంది. పోలీసులు పిక్కలు కొట్టే ఇరవై ఆరుమందినీ వరసగా నిలబెట్టి వేళ్లకు సిరా పూశారు. కాగితం నిండా నల్లటి మచ్చలే పడ్డాయి. ముద్ర ఎవరితోనూ కలవలేదని కేసు మూసేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"గీతల్లేనోల్లం గ్లాసు మీద గీతలెలాగ పెడతాం బాబూ? ఆపాటి బుర్ర మీకు అప్పుడూ నేదు, ఇప్పుడూ నేదు. పిక్క ముట్టని సెయ్యి ఆ ఫ్యాక్టరీలో ఎవుడిదో ఒక్కసారైనా సూసారా?"



పిక్క ముట్టని చెయ్యి యజమానిది ఒక్కటే. ఆ రోజు సిరా తుడుచుకోమని మాకు పాత గుడ్డలు పంచిపెట్టింది ఆయనే.